పంచిన మాత్రలు, మింగిన మాత్రలు: విశాఖ నుంచి ఒక పీపీపీ కేస్ స్టడీ

పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అనగానే విశాఖలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గంగవరం పోర్టు, తర్వాత కంటైనర్ టెర్మినల్. ఎవరి వాటా ఎంత, ఎన్నేళ్లకు రాసిచ్చారు, చివరికి ఎవరి చేతికి వెళ్లింది అని టీ కొట్టు దగ్గర కూడా ఇవే లెక్కలు. నేను చెప్పబోయే పీపీపీలో భూమి లేదు, లీజు లేదు, టోలు లేదు. ఒక మాత్ర ఉంది. పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజైన్. ఆరోగ్య శాఖలో డీఈసీ అంటారు, కాలనీల్లో బోదకాలు మాత్ర అంటారు.

ఈ మాత్రతో నాకు పని పడింది ఉద్యోగం వల్ల. గాజువాక వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో సమన్వయకర్తగా చేసేదాన్ని. ఆరోగ్య శాఖకీ కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలకీ మధ్య ఫైలు పట్టుకుని తిరగడమే నా పని. శాఖవాళ్లు నన్ను కంపెనీల మనిషి అనుకునేవారు, కంపెనీలవాళ్లు గవర్నమెంటు మనిషి అనుకునేవారు. ఇద్దరి దగ్గరా టీ దొరికేది, సంతకం మాత్రం ఆలస్యంగా దొరికేది.

మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది

బోదకాలు ఉత్తరాంధ్ర తీరానికి కొత్త రోగం కాదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుడుతుంది. దాంతో వచ్చిన సన్నని పురుగు శోషరస నాళాల్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కాలు వాచేసరికి మనిషికి సగం వయసు అయిపోతుంది. మగవాళ్లలో వరిబీజంగా కూడా వస్తుంది, అది ఎవరూ పైకి చెప్పుకోరు. బోదెక్కిన కాలు మాత్రతో మళ్లీ మామూలు కాదు. మాత్ర చేసే పని వేరు. రక్తంలో తిరిగే పిల్ల పురుగులను చంపి, దోమ వాటిని ఇంకొకరికి మోసుకెళ్లే దారి మూసేస్తుంది. అందుకే ఏ జబ్బూ లేనివాళ్లతో సహా ఊరంతా ఏడాదికోసారి, కనీసం అయిదేళ్లు మింగాలి. మొత్తం జనాభాలో 65 శాతం మంది నిజంగా మింగితేనే ఆ ఏడాది రౌండు పనికొచ్చినట్టు. ఆ ‘నిజంగా’ దగ్గరే మేము తడబడ్డాం. దాని సంగతి తర్వాత.

బోదకాలును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సభ 1997లో తీర్మానించింది. తీర్మానం చేయడం తేలిక, కోట్ల మందికి మాత్రలు ఎవరు కొనాలి? మరుసటి ఏడాది స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ ముందుకొచ్చి, బోదకాలుకు కలిపి వేసే నులిపురుగుల మందు ఆల్బెండజోల్‌ను ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉచితంగా ఇస్తానంది. తర్వాత అదే గ్లాక్సోస్మిత్‌క్లైన్‌లో కలిసింది. ఆఫ్రికాలో నదీ అంధత్వం అనే రోగానికి మెర్క్ కంపెనీ 1987 నుంచే ఐవర్‌మెక్టిన్ ఉచితంగా ఇస్తోంది. ఆ రోగమూ బోదకాలూ రెండూ ఉన్న దేశాలకు దాన్నే విస్తరించింది. 2000లో ప్రపంచ కార్యక్రమం మొదలైంది.

మిగిలింది డీఈసీ. 1940ల నాటి పాత మందు. చవక, పేటెంటు లేదు, లాభం లేదు. నదీ అంధత్వం ఉన్నచోట డీఈసీ వేస్తే కంటికి ప్రమాదం కాబట్టి అక్కడ వాడరు, కానీ మిగతా దేశాలకు ప్రధానమైన మందు అదే. లాభం లేని మందును నాణ్యంగా, కోట్ల లెక్కన, ఏటా తయారుచేసి పెట్టేవాడు అంత సులభంగా దొరకడు.

ఆ ఖాళీలోకి జపాన్ కంపెనీ ఎయిసాయ్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు (డబ్ల్యూహెచ్‌ఓ) 220 కోట్ల డీఈసీ మాత్రలు ఉచితంగా ఇస్తానని ఒప్పుకుంది. వాటిని చేయడానికి ఎంచుకున్న చోటు మన పరవాడ ఫార్మా సిటీలో ఉన్న తన ఫ్యాక్టరీ. 2012 జనవరి 30న లండన్‌లో 13 మందుల కంపెనీలు, గేట్స్ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, కొన్ని ప్రభుత్వాలు కలిసి, ఎవరూ పట్టించుకోని పది ఉష్ణమండల వ్యాధుల మీద ఉమ్మడి ప్రకటన చేశాయి. ఈ మాత్రల మాట కూడా అందులో చేరింది. ఫ్యాక్టరీ సిద్ధమయ్యేదాకా కొరత రాకుండా సనోఫీ, ఎయిసాయ్, గేట్స్ ఫౌండేషన్ కలిసి 12 కోట్ల మాత్రలు సర్దాయి. 2013లో విశాఖ మాత్ర నాణ్యతకు డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదముద్ర వేసింది. అప్పటి నుంచి పరవాడ మాత్రలు దేశాలు దాటుతున్నాయి. అన్నట్టు, ఆ ఫార్మా సిటీ కూడా ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ప్రైవేటు కంపెనీ రాంకీ కలిసి కట్టిన పీపీపీయే.

ఎయిసాయ్ దీన్ని దానం అనదు, దీర్ఘకాలిక పెట్టుబడి అంటుంది. ఈ రోజు రోగాల నుంచి బయటపడిన దేశం రేపు మార్కెట్ అవుతుందన్నది దాని లెక్క. ఈ మాట విని మా ఆఫీసులో ఒకాయన ముఖం చిట్లించాడు. నాకు మాత్రం నచ్చింది. దానం చేసేవాడి మనసు ఎప్పుడు మారుతుందో తెలీదు, పెట్టుబడి పెట్టినవాడు ఫలితం దాకా చూస్తాడు. 2020 తర్వాత కూడా అవసరమున్న దేశాల్లో రోగం పోయేదాకా ఇస్తానని ఆ కంపెనీ గడువు పొడిగించింది.

ఎవరు దేనికి ఒప్పుకున్నారు

మాత్ర చేసి ఇవ్వడం కంపెనీ పని. నాణ్యత చూడటం, దేశాలు పంపిన అర్జీలు పరిశీలించడం డబ్ల్యూహెచ్‌ఓ పని. అర్జీలో జనాభా ఎంత, గోడౌన్‌లో పాతవి ఎన్ని మిగిలాయి అని రాయాలి. సరుకు ఆ దేశం పోర్టులో దిగాక కస్టమ్స్, లారీలు, శిక్షణ, ఇంటింటి పంపిణీ అన్నీ ఆ దేశ ప్రభుత్వానివి. ఏడాది చివర ఎంతమందికి అందాయో ప్రభుత్వం ఇంకో ఫారం నింపి పంపుతుంది. ఆ ఫారం చూసే తర్వాతి ఏడాది సరుకు సంగతి తేలుస్తారు.

దీని వెనక అంతర్జాతీయ చట్టం ఏదీ లేదు, తప్పితే శిక్షించే కోర్టు లేదు. అయినా డజన్ల కొద్దీ దేశాలు ఒకే పద్ధతిలో, ఒకే లెక్కతో నడుస్తున్నాయి. ప్రపంచ పాలన అనే పెద్ద మాటకు నేను కళ్లారా చూసిన రూపం ఆ ఫారమే.

ఇలాంటి కూటములు 2000 ప్రాంతంలో చాలా పుట్టాయి. టీకాల కోసం గావి ఆ ఏడాదే దావోస్‌లో మొదలైంది. ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం గ్లోబల్ ఫండ్ 2002లో వచ్చింది. గ్లోబల్ ఫండ్ బోర్డులో ఆ మూడు రోగాల బారిన పడిన సమూహాల ప్రతినిధికి ఓటుతో కూడిన సీటు ఉంది. నాకు తెలిసి ఈ తరహా సంస్థల్లో అంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు. అదే 2002లో సుస్థిర అభివృద్ధి మీద జరిగిన జొహానెస్‌బర్గ్ శిఖరాగ్ర సభలో రెండు వందలకు పైగా భాగస్వామ్యాలు ప్రకటించారు. తర్వాత లెక్క తీసినవాళ్లకు వాటిలో చాలా భాగం కాగితం మీదే కనిపించాయి. ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో రాసుకోని భాగస్వామ్యం పెళ్లిపత్రికలో ‘బంధుమిత్రుల అభినందనలతో’ లాంటిది. పేర్లన్నీ ఉంటాయి, వంట ఎవరు చేస్తారో ఉండదు.

ఇంకో వైపు చైనా ఉంది. బోదకాలు పోయిందని 2007లో ప్రకటించుకుంది. మందు కూడా ఇదే డీఈసీ, కొన్ని చోట్ల ఉప్పులో కలిపి తినిపించారు. కంపెనీల కూటమి లేదు, లండన్ ప్రకటన లేదు. అంటే పీపీపీ లేకపోతే పని జరగదన్నది నిజం కాదు. ప్రభుత్వం ఇల్లిల్లూ చేరలేని చోట, మందు కొనే డబ్బు లేని చోట అదొక సాధనం. దాని చెయ్యి ఎక్కడిదాకా అందుతుందన్నదే చూసుకోవాలి.

కాలనీలో

మా వంతుకు వచ్చిన కాలనీలో స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు పనివాళ్లు, పోర్టు లారీ డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఉంటారు. మేము పంచినవి పరవాడ నుంచి ఓడెక్కే మాత్రలు కావు, ప్రభుత్వం కొని ఇచ్చినవి. కానీ కొలత ఒకటే, ఫారం ఒకటే. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 వరకు రెండు, ఆపైన మూడు. వీటితో పాటు ఆల్బెండజోల్ ఒకటి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, మంచం పట్టినవాళ్లకు ఇవ్వకూడదు. మేము బ్యానర్లు, ఆటో మైకు, రవాణా చూశాం. డబ్బు ఒక కంపెనీ సీఎస్ఆర్ నుంచి.

మొదటి ఏడాది రిపోర్టు చూసి అందరం మురిసిపోయాం. పంపిణీ దాదాపు పూర్తి. ఫొటోలు, పేపర్లో చిన్న వార్త కూడా.

వారం తర్వాత వేరే పని మీద ఆ కాలనీకి వెళ్లి, ఎండకు తట్టుకోలేక ఒక ఇంట్లో మంచినీళ్లు అడిగాను. గూట్లో దేవుడి పటం పక్కన, పసుపు డబ్బా మీద కాగితం పొట్లం. నాలుగు మాత్రలూ అలాగే ఉన్నాయి.

"మామ్మా, ఇవి మింగలేదా?"

"మింగుదునమ్మా. మింగితే జొరమొస్తాదంటన్నారు కదా. బాగున్నోళ్లకి మాత్రలేటి? కాలు వాసినపుడు సూసుకుందునులే, దాసుకున్నాను."

బయటికొచ్చి అదే వరుసలో పది తలుపులు తట్టాను. ఆరు ఇళ్లలో పొట్లం ఉన్నట్టే ఉంది. ఒక ఇంట్లో పిల్లాడు వాటితో క్యారమ్స్ ఆడుతున్నాడు.

నాకు కోపం ఆశా కార్యకర్త మీద వచ్చింది, దాచుకోవడం ఎందుకు. సాయంత్రం ఆమెను పిలిచి గట్టిగానే అడిగాను. ఆమె రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టింది.

"మేడమ్, నాకిచ్చిన కాగితంలో ‘ఇచ్చారా’ అనే ఉంది. ‘మింగారా’ అని గడి లేదు. నేను ఇచ్చాను."

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రిజిస్టర్‌లోని ‘ఇచ్చారా’ పట్టణ ఆరోగ్య కేంద్రానికి, జిల్లాకి, రాష్ట్రానికి, ఢిల్లీకి చేరి చివరికి ప్రపంచ పట్టికలో ఒక శాతంగా మారుతుంది. దారిలో ఎక్కడో ఎవరి ప్రమేయం లేకుండానే ‘మింగారు’ అయిపోతుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు.

మింగకపోవడానికి కారణాలు వెతికితే పెద్ద రహస్యాలేమీ బయటపడలేదు. పంపిణీ పగలు జరిగింది, మగవాళ్లు పనిలో ఉన్నారు, వాళ్ల మాత్రలు భార్యల చేతికి వచ్చాయి. పరగడుపున మింగకూడదు కాబట్టి ‘తిన్నాక వేసుకుంటాం’ అని పక్కన పెట్టారు. పైగా తేదీ శనివారం పడింది. కాలనీలో సగం ఇళ్లలో ఆ రోజు ఒక్కపొద్దు. విజయవాడలో కూర్చుని క్యాలెండర్ వేసినవాళ్లకు ఈ విషయం తట్టి ఉండదు, నాకూ తట్టలేదు. వీటన్నిటి మీద భయం ఒకటి. ఒంట్లో పురుగు ఉన్నవాళ్లకు మాత్ర పడగానే అవి చస్తాయి, ఆ చచ్చినవాటి వల్ల ఒకటి రెండు రోజులు జ్వరం, తల తిరగడం ఉంటాయి. నిజానికి అది మందు పనిచేస్తోందన్న గుర్తు. కానీ ఒక లారీ డ్రైవర్‌కు తల తిరిగిందన్న కబురు వాట్సాప్‌లో ఎక్కాక మా ఆటో మైకు దాని ముందు ఏ మూలకి?

రెండో ఏడాది

మార్చినవి చిన్నవే. తిరిగేది రాత్రి 7 తర్వాత, భోజనాలయ్యాక. శనివారం తీసేశాం. ఆశా కార్యకర్త చేతిలో నీళ్ల సీసా, గ్లాసు మాత్రం ఎవరింటిది వాళ్లదే. జ్వరం రావచ్చని ముందే చెప్పి, వస్తే ఫోన్ చేయడానికి ఏఎన్‌ఎం నంబరు గోడ మీద రాశాం. మైకు మానేసి, ఆ డబ్బుతో రాత్రిపూట ఆశాలను ఇంటికి దింపే ఆటో పెట్టాం. ఇక రిజిస్టర్‌లో ఆశా కార్యకర్తే స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఒక నిలువు గడి గీసింది. పైన ‘ఎదురుగా’ అని రాసింది. కళ్ల ముందు మింగితేనే అందులో టిక్కు.

ఏమైందంటే, మా అంకెలు పడిపోయాయి. పోయినేడాది దాదాపు అందరికీ అందిన కాలనీలో ఈ ఏడాది చాలామంది ‘బాకీ’. నిజానికి మింగినవాళ్లు పెరిగారు, రిపోర్టులో మాత్రం వెనకబడ్డాం. సమీక్షా సమావేశంలో ఒక అధికారి అడిగారు, "పోయిన రౌండు అంత బాగా చేశారు, ఈసారి ఏమైందమ్మా?" డబ్బిచ్చిన కంపెనీ సీఎస్ఆర్ మేనేజర్ ఇంకా ముద్దుగా అన్నాడు, "మేడమ్, గ్రాఫ్ కిందికి దిగితే మా బోర్డుకి ఎలా చూపించాలి?" ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఇద్దరికీ పైన ఇంకో ఫారం ఉంది.

ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. ఆ గడి కొట్టేస్తే మళ్లీ అందరం మంచివాళ్లమైపోతాం. చివరికి రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి పంపాం, ‘ఇచ్చినవి’, ‘మింగినవి’ అని. అధికారి రెండోదాన్ని పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన పెట్టారు, కొట్టెయ్యలేదు. మా జిల్లా వ్యవహారాల్లో అది విజయమే.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

రాత్రి వెళ్లినా దొరకనివాళ్లు షిఫ్టుల్లో ఉండేవాళ్లు. వాళ్ల కోసం దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీతో మాట్లాడాం. పేరు చెప్పను. క్యాంటీన్‌లో భోజనం తర్వాత మాత్రలు వేద్దామంటే హెచ్‌ఆర్ ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, బ్యానర్ సైజు కూడా అడిగాడు. రెండు రోజులకు వెనక్కి తగ్గాడు. మాత్ర వేసుకుని మెషిన్ మీద తల తిరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ఆరోగ్య శాఖ లెటర్ ఇస్తుందా? శాఖ ఇవ్వనంది, మాత్ర సురక్షితమని దేశమంతా తెలిసిన సంగతి కదా అంది. కంపెనీ లాయరు దేశమంతా తెలిసిన సంగతిని కాగితం మీద అడిగాడు.

ఇక్కడ హెచ్‌ఆర్ వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం. పోర్టు ఒప్పందంలో నష్టం వస్తే ఎవరు భరించాలో పేజీలకు పేజీలు రాస్తారు. జనం నోట్లో వేసే మందు దగ్గరికి వచ్చేసరికి ఆ పేజీ ఖాళీ. చివరికి మాత్రలు షిఫ్టు ముందు కాదు, షిఫ్టు దిగాక. ఆరోగ్య కేంద్రం డాక్టరు రెండు గంటలు గేటు దగ్గర కూర్చుంటారు. ఇది నోటిమాటే, ఎక్కడా సంతకం లేదు.

మాత్రలు వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాళ్లు. కొందరిది గంజాం జిల్లా, అక్కడా బోదకాలు ఉంది. వీళ్లు మా వార్డు జనాభా లెక్కలో లేరు. కలిపితే మా శాతం వందకు దగ్గరై అనుమానం వస్తుంది, కలపకపోతే మింగినవాళ్లు మింగనట్టే. ఆశా కార్యకర్త వాళ్ల పేర్లు రిజిస్టర్ వెనక పేజీలో రాసింది. ఆ పేజీ ఎవరికీ పంపలేదు.

మాత్రకు లొంగని కాలు

కార్యక్రమంలో రెండో సగం ఒకటి ఉంది. ఇప్పటికే కాలు వాచినవాళ్ల సంరక్షణ. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి, పుండ్లు పడకుండా చూడాలి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. వరిబీజానికి ఆపరేషన్. ప్రపంచ కార్యక్రమంలో ఇది మొదటి రోజు నుంచీ రెండో స్తంభమే, కానీ డబ్బూ కంపెనీలూ మొదటి స్తంభం చుట్టూ ఉన్నాయి. ఉచితంగా ఇవ్వడానికి మాత్ర ఉంది. కాలు కడిగే చేతిని ఏ ఫ్యాక్టరీ తయారుచేస్తుంది?

మా కాలనీలో ఒక పెద్దాయన ఉండేవారు, వల కుట్టేవారు. బోదకాలు ముప్పై ఏళ్లది. మేము మాత్రలతో వెళ్లిన ప్రతిసారీ కళ్లద్దాల మీద నుంచి చూసి, "నాకేటి తెచ్చినారు?" అనేవారు. మూడోసారికి సిగ్గేసింది. ఒక కార్మిక సంఘం చందాతో టబ్బులు, మగ్గులు, సబ్బులు, తువాళ్లు కొని కొన్ని ఇళ్లకు ఇచ్చాం. ఇది ఏ రిపోర్టులోనూ లేదు. రెండు కాళ్లకూ నాలుగో దశ ముదిరినవాళ్లకు మన రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది, 2024లో అది నెలకు 10,000 రూపాయలైంది. ఆయనది ఒంటికాలు, అందులోకి రాలేదు.

మా రౌండ్లు అయిపోయిన చాన్నాళ్లకు, 2018 డిసెంబర్‌లో, వైద్య పరికరాల మీద డబ్ల్యూహెచ్‌ఓ నాలుగో ప్రపంచ ఫోరం విశాఖలో వైద్య పరికరాలు తయారయ్యే మన మెడ్‌టెక్ జోన్‌లో జరిగింది. నేనూ వెళ్లాను, ఎక్కువగా భోజనం బాగుంటుందని. అక్కడ కెన్యా తీరం నుంచి వచ్చిన ఒకావిడతో మాట కలిసింది. పరవాడ గురించి, మాత్ర గురించి చెప్పాను. వాళ్లమ్మ ఊళ్లో కూడా ఏటా డీఈసీ పంచుతారట.

"మీ అమ్మగారు మింగుతారా?" అని అడిగాను.

నవ్వింది. దిండు కింద పెట్టుకుంటుందట, కాలు వాస్తే పనికొస్తాయని.

శ్రీలంక, మాల్దీవులు 2016లో, బంగ్లాదేశ్, లావోస్ 2023లో ఈ రోగం నుంచి బయటపడ్డట్టు గుర్తింపు పొందాయి. మన దేశం 2027 అని గడువు పెట్టుకుంది. ప్రపంచం గడువు 2030.

మూడో ఏడాది కొత్త రిజిస్టర్లు అచ్చయి వచ్చాయి. కట్ట విప్పి చూశాం. మంచి కాగితం, రంగుల అట్ట, వెనక స్పాన్సర్ల లోగోలు. లోపల గడులు పాతవే. ఆశా కార్యకర్త పేజీలు తిప్పి చూసి, ఏమీ అనకుండా సంచిలోంచి స్కేలు తీసింది.

"ఎర్ర పెన్ను అయిపోయింది మేడమ్. నీలంతో గీసేయమంటారా?"